మెదడు ఆరోగ్యం, వైకల్యం, రోగి సంరక్షణ: విశ్వవిద్యాలయ పరిశోధనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షవాతమో మతిమరుపు వ్యాధో తలకు దెబ్బో ఇంట్లో ఒకరిని మంచాన పడేస్తేగానీ పరిశోధన అనే మాట మన చెవిన పడదు. పడ్డాక మాత్రం ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులున్నాయి. ఇవి డాక్టరు సలహాకు బదులు కావు. ఏ పరిశోధన వార్త కంటబడినా ‘ఇందులో రోగికి ఒరిగిందేమిటి?’ అని ఆరా తీసే అలవాటున్న మనిషి రాసిన జవాబులు.

మెదడుపై పరిశోధన అంటే ప్రయోగశాలలో ఎలుకలతో చేసేదేనా?

అదీ ఉంది, కానీ అది ఒక పాయ మాత్రమే. న్యూరాలజీ వాళ్లు మందులను పరీక్షిస్తుంటే, ఫిజియోథెరపీ శాఖ పడిపోయిన చేయి మళ్లీ ఎలా కదులుతుందో చూస్తుంది. రాత్రిపూట వార్డులో ఏం జరుగుతోందో నర్సింగ్ కళాశాల లెక్క తీస్తుంది. ఇంజినీర్లు చక్రాల కుర్చీల మీద, భాషాశాస్త్రం చదివినవాళ్లు మాట పోయినవారితో పనిచేస్తారు.

వేలమందిని ఏళ్ల తరబడి వెన్నంటి గమనించే అధ్యయనాలు మరో రకం. 1986లో డేవిడ్ స్నోడన్ అమెరికాలో మొదలుపెట్టిన ‘నన్ స్టడీ’ అలాంటిదే. అందులో చేరిన 678 మంది క్రైస్తవ సన్యాసినులు ఏటా పరీక్షలకు కూర్చోవడమే కాక, మరణించాక తమ మెదళ్లను తీసుకోవడానికీ ఒప్పుకున్నారు. మెదడు నిండా అల్జీమర్స్ (మతిమరుపు వ్యాధుల్లో ఒకటి) గుర్తులున్నా చివరిదాకా తెలివిగా, చురుగ్గా గడిపినవారు వారిలో కనబడ్డారు. ఆ గుర్తులకు చిన్న చిన్న పక్షవాతపు మచ్చలు తోడైనవారిలో మతిమరుపు ఎక్కువగా బయటపడింది. రక్తనాళాలను కాపాడుకుంటే మెదడునూ కాపాడుకున్నట్టే అనే ఆలోచనకు ఇది మంచి బలాన్నిచ్చింది.

కొత్త మందు కనిపెట్టకుండా రోగులకు మేలు చేసిన పరిశోధన ఏదైనా ఉందా?

ఉంది. పత్రికల మొదటి పేజీకి ఎక్కదు కాబట్టి మనకు తెలియదు, అంతే.

ఆస్ట్రేలియాలో నర్సింగ్ ప్రొఫెసర్ శాండీ మిడిల్టన్ బృందం 19 పక్షవాత విభాగాల్లో ఒక పరీక్ష చేసింది. కొన్ని విభాగాల్లో నర్సులకు మూడు పనులపై శిక్షణ ఇచ్చారు. జ్వరం చూడాలి, ఎక్కువుంటే వెంటనే పారాసిటమాల్ ఇవ్వాలి. రక్తంలో చక్కెర చూడాలి, పెరిగితే ఇన్సులిన్ పెట్టాలి. నోటికి ఏదైనా ఇచ్చేముందు రోగి మింగగలుగుతున్నాడో లేదో పరీక్షించాలి. మిగతా విభాగాల్లో మామూలు వైద్యమే సాగింది. 2011లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం అందినచోట 90 రోజులకు 58 శాతం మంది చనిపోయారు లేదా ఇతరులపై ఆధారపడ్డారు. శిక్షణ పొందిన నర్సులున్నచోట ఆ సంఖ్య 42 శాతం.

మూడో పని కొంచెం దగ్గరగా చూడదగ్గది. పక్షవాతంలో గొంతు కండరాలు కూడా పట్టు తప్పుతాయి. ఇంటివాళ్లు ప్రేమకొద్దీ తాగించిన గుక్కెడు నీళ్లు కడుపులోకి బదులు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. అందుకే శిక్షణ పొందిన నర్సు రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కాసిని నీళ్లు ఇచ్చి, దగ్గు వచ్చిందా, గొంతు తడితడిగా మారిందా, నీళ్లు పెదవి చివర కారుతున్నాయా అని చూస్తుంది. తేడా కనబడితే స్పీచ్ థెరపిస్టు వచ్చేదాకా నోటికి ఏమీ ఇవ్వరు. దీనికి కావలసినవి చెంచా, గ్లాసు, శిక్షణ.

యేల్ విశ్వవిద్యాలయంలో షారన్ ఇనౌయీ బృందం చేసిన పని కూడా ఇలాంటిదే. ఆస్పత్రిలో చేరిన వృద్ధులకు ఉన్నట్టుండి అయోమయం కమ్మడం చాలామంది చూసే ఉంటారు. నిన్నటిదాకా బాగున్న మనిషి రాత్రికి రాత్రి ఎక్కడున్నాడో తెలియక కేకలు వేస్తాడు. దీన్ని డెలీరియం అంటారు. 70 ఏళ్లు దాటిన 852 మందితో చేసిన ఆ అధ్యయనంలో కొందరికి కళ్లజోడు, వినికిడి యంత్రం దగ్గరే ఉండేలా చూశారు. రోజుకు కొన్నిసార్లు నడిపించారు, నీళ్లు తాగించారు, నిద్రమాత్రకు బదులు వెచ్చని పానీయం, నిశ్శబ్దం ఇచ్చారు, ఇవాళ ఏ రోజో ఎవరు వచ్చారో చెబుతూ మాట్లాడించారు. 1999లో వెలువడిన ఫలితం ప్రకారం మామూలు వైద్యంలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వీరిలో 9.9 శాతం మందికే వచ్చింది. కళ్లజోడు ‘పోతుందేమో’ అని ఇంటికి పంపించేసే ఆస్పత్రులు ఇప్పటికీ ఉన్నాయి.

ఎన్నో ఏళ్లుగా వాడుతున్న చికిత్సను మళ్లీ పరీక్షించడం దేనికి?

ఏళ్లుగా వాడుతున్నామన్నది రుజువు కాదు కాబట్టి. తలకు బలమైన గాయమైతే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వడం మూడు దశాబ్దాలకు పైగా చాలాచోట్ల ఆనవాయితీ. వాపు తగ్గుతుంది, మెదడుకు మంచిది అన్న తర్కం చక్కగానే వినిపించేది. చివరికి లండన్‌లోని పరిశోధకుల ఆధ్వర్యంలో ‘క్రాష్’ పేరుతో ఎన్నో దేశాల్లో పరీక్ష జరిగింది. 10,008 మంది చేరాక దాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. రెండు వారాల్లో స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 21.1 శాతం, తీసుకోనివారిలో 17.9 శాతం మరణించారు. 2004లో ఆ ఫలితం వెలువడేదాకా, మంచి చేస్తున్నామనుకుంటూ ఎంతమందికి కీడు చేశామో ఊహించుకోవచ్చు.

పక్షవాతం వచ్చిన తొలి 24 గంటల్లోనే రోగిని ఎక్కువసార్లు లేపి నడిపిస్తే త్వరగా కోలుకుంటారన్న నమ్మకానికీ ఇదే జరిగింది. 2015లో 2,104 మందితో వెలువడిన ‘అవర్ట్’ అధ్యయనంలో, అలా తొందరపెట్టినవారిలో మూడు నెలలకు బాగా కోలుకున్నవారు 46 శాతం, మామూలు వేగంతో సాగినవారిలో 50 శాతం. ఈ ఆలోచనను గట్టిగా నమ్మిన జూలీ బెర్న్‌హార్ట్ బృందమే పరీక్ష చేసి, తమ అంచనాకు ఎదురొచ్చిన ఫలితాన్ని దాచకుండా ప్రచురించింది. అలాగని రోగిని మంచానికే కట్టిపడేయమని అర్థం కాదు. మొదటి రోజున కొద్దికొద్దిగా, తరువాత క్రమంగా పెంచాలి.

ఒక దేశంలో రుజువైన చికిత్స అన్నిచోట్లా పనిచేస్తుంది కదా?

చాలాసార్లు పనిచేస్తుంది. ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ప్రసవ సమయంలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న శిశువులను 72 గంటలపాటు చల్లబరిస్తే మరణాలు, వైకల్యాలు తగ్గుతాయని సంపన్న దేశాల్లోని పరీక్షలు తేల్చాయి. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు పెద్ద ఆస్పత్రుల్లో 408 మంది శిశువులతో అదే పద్ధతిని పరీక్షించారు. 2021లో ప్రచురితమైన ఆ ‘హెలిక్స్’ ఫలితాలు విస్తుపోయేలా చేశాయి. చల్లబరిచిన శిశువుల్లో 42 శాతం, చల్లబరచనివారిలో 31 శాతం చనిపోయారు. కారణం మీద చర్చ సాగుతూనే ఉంది. గాయం ప్రసవానికి ముందే మొదలై ఉండవచ్చన్నది ఒక వాదన. ఎవరి రోగుల మధ్య వారు పరీక్షలు చేసుకోవాలనడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. ఇక చేయి మెరుగుపడదా?

‘ఆరు నెలల్లో రానిది ఇక రాదు’ అనే మాటను చాలామంది రోగులు విని, అక్కడితో వ్యాయామం మానేశారు. తొలి నెలల్లో కోలుకునే వేగం ఎక్కువన్నది నిజమే. ఆ తరువాత తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు.

అలబామా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన పద్ధతిలో బాగున్న చేతికి మెత్తని తొడుగు వేస్తారు. మెలకువగా ఉన్నంతసేపూ దాదాపు అన్ని పనులూ బలహీనమైన చేతితోనే చేయాలి. గంటల తరబడి సాధన ఉంటుంది: గింజలు ఏరడం, మూతలు తిప్పడం, బట్టలు మడవడం. విసుగు పుట్టించే పనే. రెండు వారాలు సాగుతుంది. 222 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైనవారిలో చేతి పని స్పష్టంగా మెరుగైంది. ఏడాది ఆలస్యంగా ఇదే శిక్షణ పొందినవారు కూడా ముందుకు సాగారు. రెండేళ్ల నాటికి రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. ఒక షరతు మాత్రం ఉంది: మణికట్టూ వేళ్లూ కాస్తయినా పైకి లేవాలి. బొత్తిగా కదలిక లేని చేతికి ఈ పద్ధతి పనికిరాదు.

మతిమరుపు వ్యాధి రాకుండా ఆపవచ్చా?

కచ్చితంగా ఆపే మార్గం ఎవరి దగ్గరా లేదు. ఉందని అమ్మజూపేవారిని నమ్మకండి. ముప్పు తగ్గించుకునే మార్గాలు మాత్రం చాలానే ఉన్నాయి. 2024లో లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం) 14 కారణాలను గుర్తించింది. చదువు లేకపోవడం, వినికిడి లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, ఒంటరితనం, కుంగుబాటు, తలకు గాయాలు, వాయు కాలుష్యం వంటివి అందులో ఉన్నాయి. ఆ ఏడాది కొత్తగా చేర్చినవి సరిచేయని చూపు లోపం, చెడు కొలెస్టరాల్. వీటన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని అంచనా. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క. ‘నేను పొగ మానేస్తే నా ముప్పు 45 శాతం తగ్గుతుంది’ అని చదువుకోకూడదు.

వినికిడి యంత్రాల గురించి ఎక్కువగా అడుగుతారు. 70 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 977 మందితో చేసిన ‘అచీవ్’ పరీక్షలో మొత్తం మీద మూడేళ్లకు తేడా కనబడలేదు. ముందే గుండె, రక్తనాళాల సమస్యల వంటి ముప్పులు ఎక్కువున్న గుంపులో మాత్రం ఆలోచనాశక్తి తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. రెండు వాక్యాలనూ కలిపి చదివితేనే నిజం. ప్రకటనల్లో రెండోదే కనిపిస్తుంది.

‘కొత్త మందు అల్జీమర్స్‌ను 27 శాతం నెమ్మదింపజేసింది’ అంటే ఏమిటి?

లెకానెమాబ్ అనే మందు గురించిన మాట ఇది. దాదాపు 1,800 మంది తొలిదశ రోగులతో 18 నెలలు పరీక్షించారు. జ్ఞాపకం, రోజువారీ పనులు, తెలివిడి వంటివాటిని 0 నుంచి 18 వరకు మార్కులతో కొలిచారు. మార్కులు పెరిగితే వ్యాధి ముదిరినట్టు. మందు లేనివారికి 1.66, మందు తీసుకున్నవారికి 1.21 పెరిగింది. తేడా 0.45. దాన్నే శాతంలోకి మారిస్తే 27. అంకెలో అబద్ధం లేదు. ఇంట్లో ఆ తేడా కంటికి ఆనుతుందా అన్నదానిపై నిపుణులే రెండు వర్గాలుగా ఉన్నారు. పరీక్షలో మందును రెండు వారాలకోసారి నరానికి ఎక్కించారు, పదే పదే స్కాన్లు తీశారు. మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనబడింది, వారిలో ఎక్కువమందికి లక్షణాలేమీ లేవు. పోయిన జ్ఞాపకం దీనితో తిరిగి రాదు.

ఇలాంటి వార్త చదివినప్పుడల్లా శాతాన్ని పక్కనపెట్టి, ఏ కొలమానంతో కొలిచారు, ఎన్ని మార్కులకు ఎన్ని అని చూడండి.

పిలిచినా పలకని రోగికి మన మాటలు వినబడతాయా?

కొందరికి వినబడతాయి. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, స్పందన లేని స్థితిలో ఉన్న ఒక యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతులకు అదే మాట చెప్పినప్పుడు మెదడులో ఏ భాగం మేల్కొంటుందో ఆమెలోనూ అదే మేల్కొంది. 2024లో ఆరు కేంద్రాలు కలిసి 241 మందిని పరిశీలించాయి. చెప్పిన పని చేస్తున్నట్టు పైకి ఏ ఆనవాలూ లేని ఆ రోగుల్లో 60 మంది మెదడు ఆదేశాలను అనుసరించింది. అంటే నలుగురిలో ఒకరు. దీన్ని బట్టి ప్రతి కుటుంబమూ స్కానర్ కోసం పరుగెత్తనవసరం లేదు, ఈ పరీక్ష చాలా కొద్దిచోట్లే సాధ్యం. మంచం పక్కన నిలబడి ‘ఇక లాభం లేదు’ అని మాట్లాడుకోవడం మాత్రం ఇవాళే మానేయవచ్చు.

మెదడులో చిప్ పెట్టి మాట్లాడిస్తున్నారట. మాకూ దొరుకుతుందా?

ఇప్పట్లో దొరకదు. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం నిమిషానికి 62 పదాలు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 78 పదాలు చొప్పున మాట పోయినవారి మెదడు నుంచి నేరుగా రాబట్టాయి. మామూలు సంభాషణ వేగం 160 దాకా ఉంటుంది. పెద్ద పదకోశంతో వాడినప్పుడు స్టాన్‌ఫర్డ్ పరికరం దాదాపు నాలుగు పదాల్లో ఒకటి తప్పుగా చెప్పింది. అద్భుతమైన పనే, కానీ రెండు పరీక్షలూ ఒక్కొక్కరి మీద జరిగినవి. ఈలోగా కంటి చూపుతో అక్షరాలు ఎంచుకునే పలకలు, కళ్ల కదలికను పట్టే కంప్యూటర్లు ఉన్నాయి. స్పీచ్ థెరపిస్టును వాటి గురించి అడగండి.

వైకల్యం ఉన్నవారి మీద పరిశోధనా, వారితో కలిసి పరిశోధనా?

చాలాకాలం మొదటిదే నడిచింది. దాని చరిత్ర మంచిది కాదు. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ వసతి గృహంలో 1950ల నుంచి మేధో వైకల్యం ఉన్న పిల్లలకు కావాలనే కామెర్ల వైరస్ ఎక్కించి పరిశీలించారు. ఇవాళ ప్రతి అధ్యయనానికీ ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి ఎందుకని విసుక్కునేవారు ఆ ఉదంతం ఒకసారి చదవాలి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, స్వేచ్ఛగా సమ్మతి ఇవ్వని ఏ మనిషినీ వైద్య ప్రయోగాలకు వాడుకోరాదని స్పష్టంగా చెప్పింది.

కలిసి పనిచేస్తే ప్రశ్నలే మారిపోతాయి. స్కాట్లండ్‌లో పక్షవాతం నుంచి బయటపడినవారినీ వారి కుటుంబాలనూ వైద్యులనూ ఒకచోట కూర్చోబెట్టి, ముందు దేన్ని పరిశోధించాలో తేల్చమన్నారు. 2012లో ప్రచురించిన జాబితాలో మొదటి స్థానం ఆలోచనాశక్తి, జ్ఞాపకం మెరుగుపరిచే మార్గాలకు దక్కింది. వచ్చిన మార్పుతో రాజీపడి బతకడమెలా అన్నది రెండోది, మాట పోవడానికి చికిత్స మూడోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గణనీయమైన వైకల్యంతో బతుకుతున్నవారు 130 కోట్ల మంది. వారిని అడగకుండా వారికి ఏది కావాలో తేల్చేయడం పొగరు తప్ప మరేమీ కాదు.

మాట పడిపోయిన వ్యక్తి సమ్మతి ఎలా తెలుపుతారు?

మాట పోవడమంటే తెలివి పోవడం కాదు. ఓపిక ఉన్న బృందం సమ్మతి పత్రాన్ని తిరగరాస్తుంది. ఒక పేజీకి ఒకే సంగతి, పెద్ద అక్షరాలు, పక్కన బొమ్మ. రక్తం తీస్తామని చెప్పే పేజీలో సూది బొమ్మ ఉంటుంది. ‘అవును’, ‘కాదు’, ‘తెలియదు’ అని మూడు కార్డులు ముందు పెడతారు. అర్థమైందో లేదో చూడటానికి అదే ప్రశ్నను తిప్పి అడుగుతారు: ముందు ‘ఇష్టం లేకపోతే మానేయవచ్చా?’ అని, కాసేపాగి ‘ఇది తప్పనిసరా?’ అని. రెండింటికీ ‘అవును’ కార్డే చూపితే ఇంకా అర్థం కాలేదన్నమాట. అప్పుడు మళ్లీ మొదటి నుంచి చెబుతారు, లేదా మర్నాడు వస్తారు. పక్కనున్న భార్యో కొడుకో జవాబు అందించేస్తే మర్యాదగా ఆపుతారు.

నిజంగానే నిర్ణయించుకోలేని స్థితి ఉంటే చట్టం గుర్తించిన ప్రతినిధి సంతకం చేస్తారు. అప్పుడు కూడా రోగి ముఖం తిప్పుకున్నా చేయి వెనక్కి లాక్కున్నా దాన్ని నిరాకరణగానే తీసుకోవాలి.

పరీక్షలో చేరితే మావారికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారేమో?

ఇవ్వవచ్చు, ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. ఎవరు ఏ గుంపులో పడాలో కంప్యూటర్ లాటరీ తీస్తుంది. డాక్టరుకూ తెలియకుండా ఉంచడం మామూలే. రుజువైన చికిత్స ఉన్న జబ్బులో దాన్ని ఆపేసి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం సాధారణంగా ఒప్పుకోరు. ఉన్న చికిత్సకు తోడుగా కొత్త మందునో ఉత్తుత్తి మాత్రనో ఇస్తారు.

మధ్యలో మానేస్తే వైద్యం ఆపేస్తారా?

ఆపకూడదు. కారణం చెప్పనవసరం కూడా లేదు. మందును ఒక్కసారిగా ఆపితే ప్రమాదమా అని మాత్రం కనుక్కోండి.

ఎంఆర్‌ఐ స్కాన్ ప్రమాదమా? అందులో వేరే జబ్బు బయటపడితే?

ఎంఆర్‌ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అయస్కాంతం చాలా బలమైనది కాబట్టి శరీరంలో పేస్‌మేకర్, క్లిప్పులు, ఇనుప ముక్కలు ఏవున్నా ముందే చెప్పాలి. చప్పుడు ఎక్కువ, జాగా ఇరుకు.

ఆరోగ్యంగా ఉన్నవారి మెదడు స్కాన్లలో దాదాపు 3 శాతంలో అనుకోని విషయమేదో కనబడుతుంది. చాలావరకు అవి హాని చేయనివే. కనబడితే మీకు చెబుతారా, తరువాతి పరీక్షల ఖర్చు ఎవరిది అన్నది సంతకానికి ముందే అడగాలి.

పరిశోధనలో తేలినది రోగి మంచం దాకా రావడానికి ఇంత ఆలస్యమెందుకు?

సగటున 17 ఏళ్లు పడుతుందన్న అంచనా ఒకటి తరచుగా చెబుతుంటారు. ఆలస్యంలో కొంత న్యాయమైనదే. పక్షవాతంలో మెదడు కణాలను కాపాడేందుకు ప్రయోగశాలల్లో ప్రయత్నించిన 1,026 చికిత్సలను 2006లో ఒక బృందం లెక్కగట్టింది. మనుషుల దాకా వచ్చినవి 114. జంతువుల్లో పనిచేసినదల్లా మనలో పనిచేయదు.

మిగతా ఆలస్యానికి సాకులే ఎక్కువ. మింగే పరీక్షకు కొత్త యంత్రం అక్కర్లేదు, ఖరీదైన మందూ అక్కర్లేదు. నర్సుకు శిక్షణ, ఆ పరీక్ష చేసేంత తీరిక కావాలి. ఒక్కో నర్సు మీద మోయలేనంత మంది రోగులను వేసి, ఏ మార్గదర్శకాలు గోడకు అంటించినా అవి గోడ మీదే ఉంటాయి. అందుకే కొన్ని విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ‘రుజువైనది ఎందుకు అమలు కావడం లేదు’ అన్నదాన్నే పరిశోధనాంశంగా తీసుకున్నాయి.

చేరేముందు బృందాన్ని ఏమేమి అడగాలి?

ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, దాని సంఖ్య ఎంత? ఈ అధ్యయనాన్ని బహిరంగ రిజిస్ట్రీలో (ఎవరైనా చూడగల అధ్యయనాల జాబితాలో) నమోదు చేశారా? చేరకపోతే మాకు అందే వైద్యం ఏమిటి? ఎన్నిసార్లు రావాలి, రానుపోను ఖర్చు ఎవరిది, తోడు వచ్చేవారి సంగతేమిటి? చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా? హాని జరిగితే చికిత్స, పరిహారం ఎవరిస్తారు? మా వివరాలు, స్కాన్లు ఎవరెవరు చూస్తారు? మందు పనిచేస్తే అధ్యయనం ముగిశాక కూడా ఇస్తారా? ఫలితం మాకు తెలియజేస్తారా?

చివరి రెండు ప్రశ్నలకు చాలా బృందాలు తడబడతాయి. జవాబును నోటిమాటగా వదిలేయకుండా పత్రంలో రాయించుకోండి. సంతకం చేసిన ప్రతి ఒకటి, రాత్రివేళ కూడా పలికే ఫోను నంబరు ఒకటి తీసుకునే బయటికి రండి.